ఇంటి చదువులో గణితం, భౌతికశాస్త్రం: ఎలా మొదలుపెట్టాలి
బడికి వెళ్లకుండా ఇంటివద్దే చదువుకునే కౌమార వయస్కులకు భౌతికశాస్త్రం మొదలుపెట్టే ముందు, భిన్నాలు, నిష్పత్తులు, ఒక చరరాశి గల సమీకరణాలు తడబడకుండా చేయగలుగుతున్నారో లేదో చూసి, వయసును బట్టి కాక దానిని బట్టే స్థాయిని నిర్ణయించాలి. ఇక్కడ తొందరపడితే సూత్రాలన్నీ కంఠపాఠంగానే మిగులుతాయి. సదిశల (పరిమాణంతో పాటు దిశ కూడా ఉండే రాశుల) కంటే ముందు త్రికోణమితి రావాలి. కలన గణితం (కాలిక్యులస్) కోసం ఆగనక్కరలేదు.

తొలి ప్రయోగానికి లోలకాన్ని మించినది లేదని నా అభిప్రాయం. దారానికి చిన్న బరువు కట్టి, బరువు మధ్యభాగం వరకు పొడవు 25 సెంటీమీటర్లు ఉండేలా చూసి, కొద్దిపాటి కోణంలో ఊపితే 20 డోలనాలకు (ఒకసారి అటు వెళ్లి తిరిగి వస్తే ఒక డోలనం) సుమారు 20 సెకన్లు పడుతుంది. పొడవును 1 మీటరుకు పెంచితే ఆ కాలం నాలుగింతలు కాక రెండింతలే అవుతుంది. కారణం వెంటనే చెప్పకుండా, మరికొన్ని పొడవులతో కొలిపించి, పొడవుకూ, కాలవర్గానికీ (కాలాన్ని దానితోనే గుణిస్తే వచ్చే విలువకూ) మధ్య గ్రాఫు గీయించండి.