గల్ఫ్ ఉద్యోగానికి ముందు ఇంటిపేరు సరిచూసుకోండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నుంచి గల్ఫ్‌కు వెళ్లాలనుకునేవాళ్లలో చాలామంది ముందు ఏజెంటు దగ్గరికి వెళ్తారు. కాగితాల సంగతి తర్వాత చూసుకోవచ్చులే అనుకుంటారు. ఈ వరస తిరగేయాలి. డబ్బు కట్టాక పేరులో తప్పు బయటపడితే ఏజెంటు ఎంత అడిగితే అంత ఇచ్చుకోవాల్సి వస్తుంది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవాళ్లు నచ్చకపోతే లేచి వచ్చేయగలరు.

పదో తరగతి మెమో, డిగ్రీ పట్టా, ఆధార్, పాన్, పాస్‌పోర్టు అయిదూ పక్కపక్కన పరిచి అక్షరం అక్షరం పోల్చండి. మెమోలో ‘కొల్లి వెంకట శివరామకృష్ణ’ అని ఉంటుంది. డిగ్రీలో ‘కె.వి.శివరామకృష్ణ’. ఆధార్‌కు వచ్చేసరికి ఇంటిపేరు చివరికి పోయి ‘వెంకట శివరామకృష్ణ కొల్లి’ అవుతుంది. మనకు ముగ్గురూ ఒకడే, వీసా ఇచ్చే కంప్యూటరుకు మాత్రం ముగ్గురు. ఇంగ్లీషులో ‘శివ’కు ఒకచోట హెచ్ ఉండి ఇంకోచోట లేకపోయినా ఇదే తంటా.

పాస్‌పోర్టు ఫారంలో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు, గివెన్ నేమ్ గడిలో మిగతా పేరంతా రాయాలి. ఇనీషియల్స్ పనికిరావు, విప్పి రాయాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, రెండో గడిలో ‘శ్రీనివాసరావు’ అని ఒక్క మాటే పెట్టుకున్నవాళ్లు మన జిల్లాల్లో ఇప్పటికీ కనిపిస్తారు. అలా ఒంటి పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను 2022 నవంబరులో యూఏఈ ఆపేసింది. అలాంటిది మీ దగ్గరుంటే టికెట్ గురించి ఆలోచించకముందే మార్చుకోండి.

దేన్ని దేనికి తగ్గట్టు మార్చాలి? మెమోను ఆధారంగా పెట్టుకుని పాస్‌పోర్టును, ఆధార్‌ను సరిచేసుకోవడమే తేలిక. 36 పేజీల పాస్‌పోర్టు రీఇష్యూకు ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే పైన ఇంకో 2,000. మెమోలోనే తప్పుంటే చదివిన స్కూలు హెడ్మాస్టర్ ద్వారా బోర్డుకు పంపించుకోవాలి. దానికి చాలా సమయం పడుతుంది కాబట్టి అన్నిటికంటే ముందు అదే మొదలుపెట్టండి. పెళ్లయిన ఆడవాళ్లకు ఒక మాట: సర్టిఫికెట్లన్నీ పుట్టింటి ఇంటిపేరు మీద ఉంటే పాస్‌పోర్టు కూడా అలాగే ఉంచుకోండి. అత్తింటి పేరుకు మార్చాలన్న నిబంధన ఏమీ లేదు. భర్త పేరు లోపలి పేజీలో వేయించుకోవచ్చు. ముఖ్యంగా నర్సులు ఇక్కడ పొరపాటు చేస్తే సర్టిఫికెట్ల వెరిఫికేషన్ దగ్గర ఇరుక్కుంటారు.

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కింద వస్తుంది, అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్లేముందు ప్రభుత్వ తనిఖీ తప్పనిసరైన రకం. గల్ఫ్ దేశాలు ఆరింటితో పాటు మలేషియా, జోర్డాన్ వంటివి కలిపి మొత్తం 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వీళ్లు ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ సైటు ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి వెళ్లడానికి మన ప్రభుత్వం అనుమతి, తీసుకోవాలి. విజిట్ వీసా మీద పంపి అక్కడ ఉద్యోగ వీసాకు మార్పిస్తామని ఎవరైనా అంటే, ఈ క్లియరెన్స్ ఎగ్గొట్టే దారి చూపిస్తున్నారన్నమాట. ఇంటిపనికి వెళ్లే ఈసీఆర్ మహిళలకు కనీసం 30 ఏళ్లు నిండాలి. నర్సులకైతే పాస్‌పోర్టు ఏ రకమైనా క్లియరెన్స్ తప్పదు.

డిగ్రీతో వెళ్లేవాళ్లకు అటెస్టేషన్, అంటే పట్టా అసలుదేనని ముద్రలు వేయించుకోవడం, అసలు పని. పట్టా నాగార్జున యూనివర్సిటీదైనా, కాకినాడ జేఎన్‌టీయూదైనా, విజయవాడ హెల్త్ యూనివర్సిటీదైనా ముందు రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, తర్వాత విదేశాంగ శాఖది. యూఏఈ, కువైట్, ఖతార్‌లకు ఆపైన ఆ దేశపు ఎంబసీ ముద్ర కూడా కావాలి. సౌదీ, ఒమన్, బహ్రెయిన్ అపోస్టిల్ ఒప్పందంలో (ఒక దేశం ధ్రువీకరించిన కాగితాన్ని ఇంకో దేశం ఎంబసీ ముద్ర లేకుండానే ఒప్పుకునే ఒప్పందం) ఉన్నాయి కాబట్టి అపోస్టిల్ స్టిక్కరుతో సరిపోతుంది. దానికి విదేశాంగ శాఖ తీసుకునేది 50 రూపాయలే, మిగతాదంతా మధ్యలోవాళ్ల సర్వీసు చార్జీ. వేలల్లో అడిగితే దేనికెంతో విడివిడిగా రాసిమ్మనండి. పట్టాకు లామినేషన్ చేయించి ఉంటే దాని మీద ముద్ర పడదు. ఊడదీసేటప్పుడు కాగితం పై పొర కూడా లేచిపోతుంది. ఇంట్లో ఇస్త్రీపెట్టెతో ప్రయత్నించకండి, చినిగితే యూనివర్సిటీ నుంచి డూప్లికేట్ తెచ్చుకోవడం తప్ప దారి ఉండదు.

ఇప్పుడు ఏజెంటు సంగతి. బెంజ్ సర్కిల్‌లోనో బ్రాడీపేటలోనో పెద్ద బోర్డు ఉన్నంత మాత్రాన లైసెన్సు ఉన్నట్టు కాదు. ఈ-మైగ్రేట్ సైటులో ఏజెంటు పేరు, లైసెన్సు నంబరు కొట్టి చూడండి. లైసెన్సు ఇప్పుడు నడుస్తోందా, గడువు అయిపోయిందా, సస్పెండ్ చేశారా అన్నది అక్కడే తెలుస్తుంది. మీ ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటే లేదు. రిజిస్టరైన ఏజెంటు సర్వీసు చార్జీగా 30,000 రూపాయలకు మించి తీసుకోకూడదు, 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. రసీదు ఇవ్వకుండా ఫోన్‌పేలో వేరొకరి పేరు మీద వేయమంటే అక్కడితో ఆపేయండి.

ఎక్కడైనా పనిచేసుకోవచ్చని చెప్పి అమ్మే ఆజాద్ వీసా అన్నది ఏ దేశ చట్టంలోనూ లేదు. వీసా మీద పేరున్న కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర కాక బయట ఎక్కడ పనిచేసినా పట్టుబడితే జైలు, తిప్పి పంపడం. కువైట్‌కు వెళ్లేవాళ్లు వీసా 18వ ఆర్టికల్‌దా, 20వ ఆర్టికల్‌దా చూసుకోవాలి. 18 అంటే కంపెనీ పని, మనవాళ్లు షూన్ అనేది దాన్నే. 20 అంటే ఇంటిపని. 20 మీద వెళ్లి 18కి మారిపోవచ్చని ఆశపెడతారు. 2024లో జూలై మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా రెండు నెలలు ఆ వెసులుబాటు ఇచ్చారు. అలాంటిది మళ్లీ వస్తుందన్న ఆశ మీద అప్పు చేయకండి.

కాంట్రాక్టులో మొత్తం జీతం కంటే బేసిక్ ఎంతో ముందు చూడండి. యూఏఈలో గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే మొత్తం) బేసిక్ మీదే కడతారు: మొదటి అయిదేళ్లు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత 30 రోజులది. నెలకు 3,000 దిర్హాముల్లో బేసిక్ 1,200 అని రాస్తే ఏడాదికి మీకు జమయ్యేది 840. అదే బేసిక్ 2,400 అయితే 1,680. జీతం ఒక్కటే, అయిదేళ్లకు తేడా 4,200 దిర్హాములు. అక్కడ ప్రొబేషన్ ఆరు నెలలు దాటకూడదు. వీసా ఖర్చు జీతంలోంచి కోస్తామని రాసి ఉంటే సంతకం పెట్టకండి, చట్టప్రకారం అది యజమానిదే.

మెడికల్ కోసం సౌదీ, కువైట్, ఒమన్‌కు వాఫిద్ అనే గల్ఫ్ దేశాల మెడికల్ సైటులో స్లాట్ తీసుకోవాలి. ఖతార్‌కైతే హైదరాబాద్‌లోని ఖతార్ వీసా సెంటర్లోనే మెడికల్, వేలిముద్రలు, కాంట్రాక్టు సంతకం అన్నీ అయిపోతాయి. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినా ఎక్స్‌రేలో మచ్చ కనబడితే అన్‌ఫిట్ రాసేస్తారు. అనుమానం ఉంటే డబ్బు కట్టకముందే ఇక్కడ ఒక ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి, ఖర్చు కొన్ని వందలే.

ఈసీఆర్ వాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. పది లక్షల కవరుకు ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. జీఎస్టీ ఉంటే అది అదనం.

సామాను సర్దేటప్పుడు వంటింటి వైపు గట్టిగా చూడండి. గసగసాలు యూఏఈ, సౌదీల్లో మాదకద్రవ్యాల కింద లెక్క. విడిగా పెట్టకపోయినా అమ్మ నూరిచ్చిన మసాలా ముద్దలో, కూరపొడిలో ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి. గోంగూర, ఆవకాయ పెట్టుకోవచ్చు గానీ నూనె కారకుండా రెండు కవర్లలో సీల్ చేయించి చెకిన్ బ్యాగులో వేయండి. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి, దగ్గు మందులు కూడా పట్టుబడతాయి. రోజూ వేసుకునే మందులకు డాక్టరు చీటీ ఇంగ్లీషులో, ముందస్తు అనుమతి కావాల్సిన మందుకు ఆ అనుమతి కాగితం ఉండాలి. ఎయిర్‌పోర్టులో ‘మా తమ్ముడికివ్వు బాబూ’ అని ఎవరైనా ప్యాకెట్ చేతిలో పెడితే, వాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా తీసుకోవద్దు.

బయల్దేరే ముందు పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు ఫొటోలు తీసి ఇంట్లో ఒకరికి పంపండి. దిగాక పాస్‌పోర్టు కంపెనీ దగ్గర దాచిపెట్టమంటే ఇవ్వాల్సిన పని లేదు, అలా ఉంచుకోవడాన్ని చట్టం ఒప్పుకోదు. ఇకామా గానీ సివిల్ ఐడీ గానీ (అక్కడ ఉండటానికి ఇచ్చే గుర్తింపు కార్డు) ఎప్పుడు చేతికొస్తుందో మొదటి వారంలోనే అడగండి. జీతం ఆగినా, బెదిరించినా దుబాయ్‌లో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 800 46342కు ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు. మిగతా దేశాల్లో ఉన్నవాళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. అది ఇక్కడి నుంచి ఇంట్లోవాళ్లు కూడా చేయగలరు, మీ పాస్‌పోర్టు నంబరు వాళ్ల దగ్గర ఉంటే.