వానాకాలపు రేసులకు ముందు: గడియారాన్ని ఎంతవరకు నమ్మాలి

హైదరాబాద్‌లోని మలక్‌పేట రేసుకోర్సులో వానాకాలపు రేసులు జూలైలో మొదలై అక్టోబరు దాకా సాగుతాయి. సెక్షనల్ టైములు, స్పీడ్ ఫిగర్లు ముందు పెట్టుకుని గుర్రాలను అంచనా కట్టేవారు ఎక్కువగా పొరబడేది ఈ నెలల్లోనే అని నా అభిప్రాయం. పరుగును ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు పట్టిన కాలాన్ని చెప్పేది సెక్షనల్ టైమ్. మొత్తం కాలాన్ని దూరానికీ, ఆనాటి నేలకూ తగ్గట్టు సరిచేసి ఒకే అంకెగా చూపేది స్పీడ్ ఫిగర్. నేల నిలకడగా ఉంటే రెండూ చాలావరకు నిజం చెబుతాయి గాని, వాన పడ్డ పచ్చికపై నిన్నటి సెకనుకూ నేటి సెకనుకూ ఒకే విలువ ఉండదు.

కాబట్టి మొదటి జాగ్రత్త, వేర్వేరు రోజుల కాలాలను నేరుగా పక్కపక్కన పెట్టి పోల్చకపోవడం. ఒక్కో దూరానికి, ఒక్కో తరగతి గుర్రాలకు మామూలుగా పట్టే కాలాన్ని ముందే రాసి పెట్టుకుని, ఆ రోజు జరిగిన రేసులన్నీ దానికంటే ఎంత వెనకబడ్డాయో చూడాలి. ఆ తేడాను దూరంతో భాగించి 100 మీటర్లకు ఇంత అని లెక్కకట్టాలి. 1200 మీటర్ల రేసులు సగటున 1.2 సెకన్లు ఆలస్యమైతే 100 మీటర్లకు 0.1 సెకను నేల తిన్నట్టు. 1600 మీటర్ల రేసు 1.6 సెకన్లు ఆలస్యమైనా ఆ గుర్రాలను తప్పుపట్టనక్కర్లేదు. ఈ లెక్క రెండు మూడు రేసుల మీద నిలవదు, రోజు మొత్తం కావాలి. నిర్వాహకులు పెనెట్రోమీటర్ (నేల ఎంత మెత్తగా ఉందో చూపే పరికరం) కొలత, ఫాల్స్ రైలును (ట్రాక్ లోపలి అంచున పెట్టే, జరపగలిగే కంచెను) ఎంత జరిపారన్న వివరం ప్రకటించినప్పుడు వాటినీ అదే పేజీలో రాసుకోవాలి. ఆ కంచెను బయటికి జరిపితే మలుపులో గుర్రం పరుగెత్తే దారి మారుతుంది, దానితో కాలమూ మారుతుంది.

రెండో జాగ్రత్త చివరి 400 మీటర్ల మెరుపును చూసి మోసపోకుండా ఉండటం. ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. రెండు గుర్రాలు ఒకే రోజు, వేర్వేరు రేసుల్లో 1200 మీటర్లను 72 సెకన్లలోనే ముగించాయి. కాలాలు ఒకటే గనుక స్పీడ్ ఫిగరూ ఒకటే. మొదటిది చివరి 400 మీటర్లను 23 సెకన్లలో, రెండోది 25 సెకన్లలో పరుగెత్తింది. రేసు మొత్తం మీద సగటు వేగం సెకనుకు 16.67 మీటర్లు కాగా, ఆఖరి భాగంలో మొదటిది 17.39, రెండోది సరిగ్గా 16 మీటర్ల వేగంతో వెళ్లాయి. అంటే సగటులో ఒకటి 104 శాతం, మరొకటి 96 శాతం. చాలామంది మొదటిదాన్నే మెచ్చుకుంటారు. నిజానికి దాని రేసులో తొలి 800 మీటర్లు నింపాదిగా సాగి ఉంటే, మిగిలిన శక్తితో చివర్లో దూకడం పెద్ద వింత కాదు. రెండోది ముందే ఒళ్లు హూనం చేసుకుని కూడా అదే కాలంలో చేరింది. ఇద్దరు జాకీలూ శక్తిని సమంగా పంచలేదు కాబట్టి, రెండు గుర్రాలకూ 72 కంటే తక్కువలో ముగించే సత్తా ఉండవచ్చు. ఎంత శాతం మామూలో కోర్సును బట్టి, దూరాన్ని బట్టి మారుతుంది. ఆ ప్రమాణాన్ని పాత ఫలితాల నుంచి ఎవరికి వారు తయారు చేసుకోవలసిందే.

ఇక్కడే ఇంకో చిక్కుంది. ఫలితాల్లో ఇచ్చే సెక్షనల్ ముందున్న గుర్రానిదా, ప్రతి గుర్రానిదా అన్నది తప్పక చూసుకోవాలి. మలుపు దగ్గర ఆరు లెంగ్తులు (ఒక లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవు) వెనక ఉన్న గుర్రానికి ముందు గుర్రపు సెక్షనల్ అంటగడితే, సెకనుకు అయిదారు లెంగ్తుల లెక్కన ఒక సెకను మేర తప్పు దొర్లుతుంది.

అమెరికా పద్ధతులను ఉన్నవి ఉన్నట్టుగా తెచ్చుకోవడమూ ప్రమాదమే. అక్కడ రేసింగ్ రచయిత ఆండ్రూ బేయర్ ప్రచారంలోకి తెచ్చిన ఫిగర్లు ప్రధానంగా మట్టి ట్రాక్ రేసుల నుంచి పుట్టాయి. మట్టి మీద మొదటి నుంచీ వేగంగా వెళ్లి చివరికి అలసిపోవడం మామూలు. అందుకే 1973 కెంటకీ డెర్బీ రేసులో సెక్రటేరియట్ అనే గుర్రం అయిదు పావు మైళ్లను వరుసగా 25.2, 24, 23.8, 23.4, 23 సెకన్లలో, ప్రతి ముక్కనూ ముందుదానికంటే వేగంగా పరుగెత్తడాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. మన పచ్చికపై తొలి భాగం మెల్లగా సాగి, చివర్లో ఒక్కసారిగా పుంజుకునే రేసులు తరచు కనిపిస్తాయి. అలాంటి వాటిలో మొత్తం కాలం గుర్రం సత్తాను తక్కువ చేసి చూపుతుంది.

గడియారమే తప్పు చెప్పవచ్చన్న సంగతికీ ఆ గుర్రమే సాక్షి. అదే ఏడాది ప్రీక్‌నెస్ రేసులో ఎలక్ట్రానిక్ యంత్రం చూపిన 1 నిమిషం 55 సెకన్లపై వివాదం రేగి, మొదట 1:54.4గా మార్చారు. చివరికి 2012లో, అంటే 39 ఏళ్ల తర్వాత, మేరీల్యాండ్ రేసింగ్ కమిషన్ దాన్ని 1:53గా సవరించింది. ఏ ఒక్క రేసు అంకె అయినా తక్కినవాటితో పొంతన లేకుండా మరీ గొప్పగా కనిపిస్తే, గుర్రాన్ని పొగిడే ముందు ఆ కాలాన్ని అనుమానించడం మేలు.

ఉదయపు ట్రాక్‌వర్క్‌లో (కసరత్తు పరుగుల్లో) వచ్చే ‘600/38’, అంటే 600 మీటర్లు 38 సెకన్లలో, వంటి అంకెలను రేసు సెక్షనళ్లతో కలపకూడదు. కసరత్తు ఇసుక మీద జరిగి ఉండవచ్చు, మీద కూర్చున్నవారి బరువు తెలియదు, కాలాన్ని చేతి స్టాప్‌వాచీతో తీసి ఉండవచ్చు. పైగా ట్రైనర్ గుర్రాన్ని ఎంత పట్టి ఉంచమన్నాడో బయటివారికి తెలిసేది కాదు.

డబ్బు విషయంలో ఒక్క మాట. గుర్రపు పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది గాని, నైపుణ్యం ఉన్నంత మాత్రాన నష్టం తప్పుతుందని కాదు. పందేలపై 28 శాతంగా ఉన్న జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతానికి పెరిగింది. ఫిగర్ చూపే చిన్న ఆధిక్యం ఇంత పన్నును దాటి లాభం ఇవ్వడం కష్టం. పోగొట్టుకున్నా ఇల్లు గడిచేంత మొత్తాన్ని ముందే విడిగా తీసి పెట్టుకుని, మధ్యలో దాన్ని పెంచకూడదు.

చివరిగా, రేసుల మధ్యలో వాన దిగితే ఆ రోజును ఒకే రోజుగా లెక్కించవద్దు. మూడో రేసు తర్వాత జల్లు పడితే మొదటి మూడింటికి ఒక సవరణ, మిగిలినవాటికి మరొకటి కట్టాలి. రెండో భాగంలో రెండు రేసులే ఉంటే సవరణ కట్టే ప్రయత్నం మానుకుని, ఆ రేసుల్లో పరుగెత్తిన గుర్రాల ఎదుట ఫిగర్ గడిని ఖాళీగా వదిలేయాలి.