'పికప్ చేసుకుంటా' అనేది ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి?

రేణిగుంట విమానాశ్రయం బయటా, తిరుపతిలో విష్ణునివాసం వసతిగృహం ముందూ, అలిపిరి దగ్గరా ట్యాక్సీవాళ్ల నోట రోజంతా వినబడే మాట 'పికప్'. తెలుగులో అది ఒకటే మాట, పక్కన 'చేసుకుంటా' తగిలిస్తే పని అయిపోతుంది. ఇంగ్లిష్‌లో క్రియగా వాడినప్పుడు మాత్రం 'పిక్', 'అప్' విడివిడి మాటలు. వాటి మధ్య ఇంకో మాట దూరుతుంది. తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే.

'మిమ్మల్ని వచ్చి ఎక్కించుకుంటాను' అనాలంటే 'ఐ విల్ పిక్ యు అప్' అనాలి. 'పిక్ అప్ యు' తప్పు. మి, యు, హిమ్, హర్, ఇట్, అస్, దెమ్ అనే సర్వనామాలు ఎప్పుడూ మధ్యలోనే ఉండాలి. మనిషి పేరో వస్తువో అయితే 'పిక్ అప్ ద లగేజ్' అన్నా, 'పిక్ ద లగేజ్ అప్' అన్నా ఒప్పే. 'శ్రీనివాసం బయట నిలబడ్డ చెన్నై యాత్రికులు' అన్నంత పొడుగు ఉంటే 'అప్' ముందే అనేయాలి. చివరిదాకా దాచుకుంటే వినేవాళ్లకు దారి తప్పుతుంది.

'అప్' మింగేయడం ఇంకో అలవాటు. 'ఐ విల్ కమ్ అండ్ పిక్ యు' అంటే మనవాళ్లకు అర్థమవుతుంది గానీ, విదేశీ ప్రయాణికుడికి 'నిన్ను ఎంపిక చేస్తాను' అన్నట్టు వినబడుతుంది. 'ఐ విల్ డు పికప్' కూడా వద్దు. 'పికప్ పాయింట్', 'పికప్ టైమ్' అన్నప్పుడు మాత్రం అది ఒకే మాట, ఒత్తు 'పిక్' మీద పడుతుంది. క్రియగా వాడితే ఒత్తు 'అప్' మీదికి జరుగుతుంది. భూతకాలంలో 'పికెడ్' అని పలక్కండి, 'పిక్ట్' అనాలి. కలిపితే 'పిక్టప్'.

ఫోన్ సంగతి. 'ఫోన్ ఎత్తలేదు' అనడానికి 'హి డిడ్ నాట్ లిఫ్ట్ ద ఫోన్' అనేస్తుంటాం. 'హి డిడ్ నాట్ పిక్ అప్' చాలు, ఫోన్ అనే మాటే అక్కర్లేదు.

చిత్తూరు వైపు చాలామందికి తమిళం బడిలో చదవకుండానే, సంతలోనో బస్సులోనో వచ్చేస్తుంది. దానికీ ఇదే క్రియ: 'షి పిక్ట్ అప్ తమిళ్ ఇన్ ద మార్కెట్'. ట్యూషన్‌కు వెళ్లి కూర్చుని నేర్చుకున్నదానికి ఇది నప్పదు, అక్కడ 'లెర్న్' వాడాలి. వ్యాపారం పుంజుకుంటే 'బిజినెస్ పిక్స్ అప్ డ్యూరింగ్ బ్రహ్మోత్సవమ్స్' అంటారు. ఇక్కడ కర్మ లేదు కాబట్టి మధ్యలో ఏదీ దూరదు.

ఒక జాగ్రత్త. 'హి పిక్ట్ అప్ ఎ గర్ల్' అని ఊరికే వదిలేస్తే, ముక్కూమొహం తెలియని అమ్మాయిని వలలో వేసుకున్నాడనే అర్థం వస్తుంది. ఎవరిని, ఎక్కడినుంచి అనేది చెప్పేస్తే గొడవ లేదు: 'హి పిక్ట్ హిజ్ డాటర్ అప్ ఫ్రమ్ స్కూల్'.

దింపడానికి 'డ్రాప్ ఆఫ్'. సర్వనామం సూత్రం దానికీ వర్తిస్తుంది: 'ఐ విల్ డ్రాప్ యు ఆఫ్ ఎట్ అలిపిరి'.

ప్రయాణికుడికి పంపే మెసేజ్ ఇలా ఉంటే సరిపోతుంది: 'ఐ విల్ పిక్ యు అప్ ఎట్ 5 ఎ.ఎం. అవుట్‌సైడ్ విష్ణునివాసం. ప్లీజ్ పిక్ అప్ వెన్ ఐ కాల్.'