పెళ్ళికి మేళం మాట్లాడేటప్పుడు ఏ మాట అనొచ్చు, ఏది అనకూడదు

కోనసీమలో పెళ్ళి పెట్టుకుంటే సన్నాయి మేళం ముందే మాట్లాడేసుకోవాలి. ఫోన్ చేసి ఏమని పిలవాలో తెలీక బయట నుంచి వచ్చినవాళ్ళు తడబడతారు, అందుకే ఇది రాస్తున్నాను.

"మేస్టారూ, సన్నాయి మేళం కావాలండి" అంటే చాలు. అవతల నుంచి "ఆయ్" అని వినపడితే కసిరారనుకోకండి, మా వైపు అది మర్యాదే. ఆయన నాదస్వరం అంటే మీరూ నాదస్వరమనే అనండి.

"మేళగాళ్ళు", "డోలోడు", "డప్పులోడు" మాత్రం వద్దండి. చిన్నప్పట్నుంచీ అలవాటు, తిట్టు కాదు అంటారు గానీ అది అనేవాళ్ళ అలవాటు, పడేవాళ్ళకి నొప్పే. కులం పేరుతో పిలవడం ఇంకా తప్పు. సన్నాయి మేళం వృత్తిగా ఉన్న నాయీ బ్రాహ్మణుల్ని కించపరిచే కొన్ని మాటలు వాడకూడదని 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వే ఇచ్చింది. అయినా ఈ విద్య ఒక్క కులానిదేం కాదు, నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారు ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డారు.

అసలు గొడవంతా మేళం అన్న మాటతోనే. పెళ్ళి మేళం అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, అదే మాట ఒక ఆడమనిషి గురించి అన్నారంటే పచ్చి తిట్టు అయిపోద్ది, ఎందుకంటే కలావంతుల (గుళ్ళలో, కచేరీల్లో ఆటపాటలే వృత్తిగా బతికిన దేవదాసీ కుటుంబాలవాళ్ళు) బృందాన్నీ ఒకప్పుడు మేళం అనేవారు. మేజువాణి కూడా అంతే, ఇప్పుడు బూతులా వినపడుతుంది గానీ అది పదాలు, జావళీలు అనే శృంగార పాటలు పాడుతూ అభినయం పట్టే కచేరీ. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆడపిల్లల్ని దేవుడికి అంకితం చెయ్యడాన్ని నిషేధించింది, అది మంచిపనే, కానీ ఆ ఇళ్ళ ఆడవాళ్ళు నిలబెట్టిన విద్యని జనం చులకన చేస్తూనే ఉన్నారు, ఇది నాకు చాలా బాధ. పాత శాసనాల్లో సాని అన్న మాట గౌరవంగానే ఉంది కదా అని వాదిస్తారు, నిజమే, అయినా ఇవాళ నలుగురిలో ఆ మాట అనకండి. పెళ్ళిలో వాళ్ళ నాట్యం పెట్టిస్తే బ్యానర్ మీద "కలావంతుల నాట్యం" అని వెయ్యండి, ఆ కుటుంబాలవాళ్ళని అడక్కుండా ఊరూ పేరూ మాత్రం వెయ్యొద్దు.

సన్నాయి నొక్కులు, సొంత డప్పు లాంటివి అందరం వాడేవే, వాటిని మానెయ్యమని చెప్పను గానీ డప్పు కళాకారులు ఎదురుగా ఉన్నప్పుడు "గొప్పలు చెప్పుకోవడం" అనండి.

శుభలేఖలో మేళం వారి పేరు వేస్తే ఎలా వెయ్యాలో అడ్వాన్స్ ఇచ్చే రోజే అడిగేయండి, విద్వాన్ అని పెట్టమంటే అలాగే పెట్టండి.