గుణింతం అప్పజెప్పే పిల్లలు పదం దగ్గర ఎందుకు ఆగిపోతారు? తరగతిలో తెలుగు చదవడం, రాయడం నేర్పే పద్ధతి

క గుణింతం మొత్తం గుక్క తిప్పుకోకుండా చెప్పే పిల్లలు కూడా ‘కేక’ అని రాసి చూపిస్తే తడబడతారు. వాళ్లకు వచ్చింది పాట, గుర్తు కాదు. నేర్పే ముందు ఇది తేల్చుకోవాలి. ఒక్కో బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని కే, కొ, కి, కూ అని వరస తప్పించి చూపించండి. ‘క, కా, కి, కీ...’ అని లోపల గొణుక్కుంటూ అక్కడిదాకా వస్తే ఆ గుర్తు ఇంకా రానట్టే. తర్వాత నాలుగు తేలిక పదాలు, రెండు చిన్న వాక్యాలు చదివించండి. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు చాలు. అక్షరాల దగ్గర ఆగినవాళ్లు, పదాల దగ్గర ఆగినవాళ్లు, వాక్యం చదవగలిగినవాళ్లు అని మూడు గుంపులు చేసుకోండి. అందరికీ ఒకే పాఠం చెబితే మొదటి గుంపు నోరు మాత్రమే కదుపుతుంది.

అక్షరాలను అ నుంచి ఱ దాకా వరుసలోనే నేర్పాలన్న నియమమేమీ లేదు. పదాలు పుట్టే అక్షరాలతో మొదలుపెట్టండి. అ, గ, ద, ర, ల, త, వ అనే ఏడు వస్తే తల, వల, లత, గద, అల, వరద చదవొచ్చు. మొదటి వారంలోనే పదం చదివామన్న ధీమా వస్తుంది. ఒకేలా ఉండే అక్షరాలను ఒకే వారంలో పెట్టకండి. వ వచ్చి స్థిరపడ్డాకే ప చెప్పండి. అప్పుడు రెండింటినీ పక్కపక్కన రాసి, వ లో తలకట్టు అతుక్కుని ఉందనీ ప లో విడిగా ఉందనీ వేలితో చూపించండి.

గుణింతాన్ని అడ్డంగా కాదు, నిలువుగా నేర్పాలి. అంటే ఒక అక్షరానికి అన్ని గుర్తులూ కాకుండా, ఒకే గుర్తును వచ్చిన అక్షరాలన్నిటికీ పెట్టించాలి. దీర్ఘం చెప్పిన రోజున తాత, రాత, తార. గుడి చెప్పిన రోజున గది, గాలి, రవి. గుర్తుకు రెండు రోజులు ఇచ్చి, మూడో రోజు పాతవాటితో కలిపి చదివించండి. హ్రస్వ దీర్ఘాల తేడా జంట పదాలతోనే పట్టుబడుతుంది: పడు–పాడు, నెల–నేల, కొన–కోన. ఇవి ముందు చెవికి తెలియాలి. కళ్లు మూసుకుని విని, సాగితే చెయ్యి ఎత్తమనండి. వట్రసుడి, ఐత్వం, ఔత్వం ఆఖర్న వచ్చినా నష్టం లేదు, చిన్న తరగతుల పదాల్లో అవి అరుదు.

కొన్ని అక్షరాలు దారి తప్పుతాయి, వాటిని విడిగా చెప్పాలి. పు, వు లలో కొమ్ము అడుగు నుంచి తిరుగుతుంది. మామూలుగా పక్కనే తగిలిస్తే వు కాస్తా మ అయిపోతుంది. మొ, యొ లలో ఎత్వం, కొమ్ము రెండూ కనిపిస్తాయి. అందుకే ‘మొలక’ను ‘మెలక’ అని చదివే పిల్లలు ఉంటారు.

అసలు చిక్కు వత్తుల దగ్గరే. ‘చెట్టు’ను ‘చెటుట’ అని, ‘కుర్చీ’ని ‘కురీచ’ అని చదవడం నిర్లక్ష్యం వల్ల కాదు. కొమ్ము పై ట కు ఉంది, పిల్లవాడు కంటికి కనబడిందే చదివాడు. కానీ తెలుగు రాతలో గుణింతం గుర్తు పై అక్షరం మీద ఉన్నా దాని ధ్వని కింది వత్తు తర్వాతే పలుకుతుంది. ఈ మాట విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. బోర్డు మీద ‘ర్చీ’ ఒక్కటే పెద్దగా రాసి మూడు అడుగుల్లో చూపించండి: పై అక్షరం పొల్లుగా ‘ర్’, కింది వత్తు ‘చ్’, మళ్లీ పైకి వెళ్లి ‘ఈ’. వేలు పైన, కింద, పైన కదలాలి. వారం రోజులు ఈ వేలి కదలిక మానకండి.

వరుస ఇలా ఉంటే మేలు. ముందు అక్క, అమ్మ, కప్ప, బల్ల లాంటి గుణింతం లేని ద్విత్వాలు. తర్వాత చెట్టు, పిల్లి లాంటి గుర్తున్నవి. ఆపైనే ఒక అక్షరానికి వేరే అక్షరం వత్తు వచ్చే సంయుక్తాలు. చ, డ, ద లాంటివాటి వత్తులు తలకట్టు తీసేస్తే చాలు. త, న, మ, య, ర, ల వత్తులు మాత్రం అక్షరాన్ని పోలి ఉండవు, గుర్తుపెట్టుకోవాల్సిందే. క్రావడి, అంటే ర వత్తు, అక్షరానికి ఎడమ నుంచి చుట్టుకొస్తుంది కాబట్టి ‘చక్రం’ను ‘చర్కం’ అనేస్తారు. అక్కడా అదే వేలు పనిచేస్తుంది.

చదివింది ఆ రోజే రాయించాలి. ఎనిమిది పదాల డిక్టేషన్ చాలు: అయిదు ఆనాటివి, రెండు పాతవి, ఒకటి ఎప్పుడూ చూడనిది. ఆ చివరిదే అసలు పరీక్ష, మిగతావి బట్టీ పట్టినా రాయొచ్చు. పదాన్ని మామూలుగా పలకండి. ‘చెట్... టు’ అని విరిచి చెబితే వినే పని మీరే చేసిపెట్టినట్టు. తప్పు పోయిన పదాన్ని పదిసార్లు రాయించడం దండగ, మూడోసారికే చెయ్యి రాస్తుంటుంది, బుర్ర ఎక్కడో ఉంటుంది. సరైన పదం చూసి, మూసేసి, గుర్తుంచుకుని రాసి, తెరిచి పోల్చుకోమనండి. రెండుసార్లు చాలు.

దిద్దేటప్పుడు తప్పులన్నిటికీ ఒకే విలువ ఇవ్వకండి. ‘చెటు’ అని రాస్తే వినడంలో లోపం, చప్పట్లతో ఒత్తి పలికించాలి. ‘కురీచ’ అని రాస్తే వత్తు పాఠం మళ్లీ చెప్పాలి. ద–ధ, ల–ళ తేడాలు మాట్లాడేటప్పుడే చాలామందికి స్పష్టంగా ఉండవు కనుక మొదటి రెండేళ్లు వాటికి మార్కులు కోయనక్కర్లేదు.

సొంతంగా రాయడానికి వత్తులన్నీ వచ్చేదాకా ఆగొద్దు. ఒక బొమ్మ చూపించి ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు అని అడగండి. ముందు నోటితో చెప్పించి, అదే మాటను మూడు వాక్యాలుగా రాయించండి. ఇంట్లో మాట్లాడే తీరులోనే రాస్తే రాయనివ్వండి. అప్పటిదాకా నేర్పిన గుర్తుల్లో పోయినవాటినే దిద్దండి. పేజీ అంతా ఎర్ర సిరా అయితే మర్నాడు రెండు వాక్యాలే వస్తాయి, అవీ తెలిసిన పదాలతోనే.