బెర్లిన్‌లో ఇల్లు తీసుకునే ముందు కట్టిన ఏడాది చూడండి

ఉద్యోగానికో చదువుకో బెర్లిన్ వచ్చి, తాత్కాలిక బసలో ఉంటూ అద్దె ఇల్లు వెతుక్కునే తెలుగువారు సాధారణంగా అద్దె ఎంత, స్టేషన్ ఎంత దూరం, గదులు ఎన్ని అన్నవే చూస్తారు. ప్రకటనలో వీటి పక్కనే ‘బావుయార్’ అన్న మాటతో ఒక సంవత్సరం కూడా ఉంటుంది. అది భవనం కట్టిన ఏడాది. ఇంధన ధ్రువపత్రం వివరాలతో పాటు దాన్నీ చూపాలని ఇక్కడి చట్టం. రాజరికం, రెండు ప్రపంచ యుద్ధాలు, నగర విభజన, పునరేకీకరణ అన్నీ దాటివచ్చిన ఊరు కాబట్టి, ఆ ఒక్క అంకె తెలిస్తే గోడలు దేనితో కట్టారో, స్నానానికి నీళ్ళు ఎలా కాగుతాయో, మీ మిక్సీ చప్పుడు కింది ఇంటికి ఎంతవరకు వినపడుతుందో చాలావరకు ముందే ఊహించవచ్చు. గదుల లెక్కలో మాత్రం ఒక తేడా ఉంది: ఇక్కడ హాలును కూడా గదిగానే లెక్కిస్తారు గనుక రెండు గదుల ఇల్లు అంటే మన సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లే.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన ఇళ్ళను ‘ఆల్ట్‌బావు’ అంటారు. ఎత్తైన పైకప్పులు, ముందువైపు సున్నపు నగిషీలు, చెక్క నేల చూసి మనసు పడనివారు ఉండరు. వీటి వెనుక కథ అంత అందమైనది కాదు. 1871లో 8 లక్షలకు కొంచెం పైగా ఉన్న బెర్లిన్ జనాభా 1905 నాటికి 20 లక్షలు దాటింది. జేమ్స్ హోబ్రెక్ట్ అనే ఇంజనీరు 1862లో తయారుచేసిన ప్రణాళిక వీధులను, కూడళ్ళను విశాలంగా గీసిందే తప్ప, వాటి మధ్య మిగిలిన పెద్ద పెద్ద స్థలాల్లో ఏం కట్టాలో గట్టిగా నిర్దేశించలేదు. స్థలం కొన్నవారు వీధి వైపు డాబుగా ఒక భవనం, దాని వెనుక పక్క భవనాలు, వాటి వెనుక మరో భవనం, మధ్యలో ఇరుకు ముంగిళ్ళు వేసుకుంటూ పోయారు. అగ్నిమాపక యంత్రం మళ్ళడానికి చోటుండాలని 1853 నాటి నిబంధన ముంగిలికి విధించిన కనీస కొలత 5.34 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. చాలామంది అంతకు మించి వదలలేదు. వెడ్డింగ్ ప్రాంతంలోని మేయర్స్ హోఫ్‌లో ఒకదాని వెనుక ఒకటిగా ఆరు ముంగిళ్ళు ఉండేవి. మన పట్టణాల్లో ఒకే ఆవరణలో వరుసగా ఉండే వాటాల ఇళ్ళను అయిదంతస్తులకు పెంచినట్టు ఊహించుకోండి.

అందుచేత ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు అది వీధి వైపు భవనంలో ఉందో, ముంగిలి దాటి వెనుక భవనంలో ఉందో ముందుగా అడగండి. వెనుక ఇంట్లో ట్రాములు, కార్ల రొద ఉండదు. కింది అంతస్తుల్లో మాత్రం చలికాలమంతా పగలే దీపం వేసుకోవలసి వస్తుంది. ముందు భవనమూ పక్క భవనమూ కలిసే మూలలో ఒకే ఒక్క కిటికీతో పెద్ద గది ఉంటే అది ‘బెర్లీనర్ ట్సిమ్మర్’; భోజనాల గదిగా బాగుంటుంది, పడకగదిగా అంతగా నప్పదు. వాస్తు పట్టింపు ఉన్నవారు ఈ కాలపు ఇళ్ళలో కొంత సర్దుకోక తప్పదు.

ఈ ఇళ్ళలో అంతస్తుకూ అంతస్తుకూ మధ్య సాధారణంగా కాంక్రీటు శ్లాబు ఉండదు. చెక్క దూలాలు, వాటి మధ్య నింపిన ఇసుక లేదా మట్టి, పైన పలకలు, అంతే. కట్టిన కొత్తలో చాలా ఇళ్ళకు స్నానాల గదే లేదు. మరుగుదొడ్డి మెట్ల మలుపులో ఉండేది. ఇప్పుడు కనిపించే స్నానాల గదులు తర్వాత ఇరికించినవి, నేలలో నీరు పోయే తూము కూడా సాధారణంగా ఉండదు. బకెట్టుతో నీళ్ళు గుమ్మరించుకుని స్నానం చేసే అలవాటును తొట్టి లోపలికే పరిమితం చేయకపోతే, ఆ నీరు పలకల సందుల్లోంచి దిగి కింది ఇంటి పైకప్పు మీద మరకై తేలుతుంది. ఇలాంటి నష్టాలకు పనికివచ్చే ‘హాఫ్ట్‌ఫ్లిష్ట్’ బీమాను వచ్చిన కొత్తలోనే తీసుకోవడం మంచిది. గ్రైండరు కింద మందపాటి రబ్బరు పట్టా వేయండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, ఆదివారాల్లో రోజంతా నిశ్శబ్దం పాటించాలన్న నియమాన్ని ఇక్కడివారు తేలిగ్గా తీసుకోరు.

నీళ్ళు కాగే పద్ధతి కూడా అడిగి తెలుసుకోండి. గోడకు బిగించిన గ్యాస్ పెట్టె ఉంటే దానికి క్రమం తప్పకుండా తనిఖీ జరగాలి. ఆ రకం గీజర్లను డెస్సావు పట్టణంలో 1890ల నుంచి తయారుచేసిన హ్యూగో యుంకర్సే, 1915లో పూర్తిగా లోహంతో విమానం తయారుచేసి ఎగరేశాడు. అలా కాక విద్యుత్తుతో అప్పటికప్పుడు కాగే యంత్రం ఉంటే, వేడినీళ్ళ ఖర్చు మీ కరెంటు బిల్లులోకి వస్తుంది. అప్పుడు ప్రకటనలోని ‘వార్మ్‌మీటె’, అంటే ఇంటిని వెచ్చగా ఉంచే ఖర్చు, నిర్వహణ ఖర్చులు కలిపిన అద్దె, చూసి ఖర్చు తేలిపోయిందనుకోకూడదు.

నగిషీల ఇళ్ళ వరుసలో హఠాత్తుగా ఒక బోడి గోడల భవనం కనబడితే, అది చాలాసార్లు యుద్ధంలో బాంబు పడిన చోట 1950లలో కట్టినదై ఉంటుంది. మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఇందులో ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. కోన్‌రాడ్ త్సూజె అనే యువ ఇంజనీరు క్రాయిట్స్‌బెర్గ్‌లోని తల్లిదండ్రుల ఇంట్లో, కూర్చునే గదిలోనే, రేకు పలకలను కోసి అమర్చి 1938 నాటికి జెడ్1 అనే గణనయంత్రం తయారుచేశాడు. 1941లో పూర్తయిన జెడ్3, ప్రోగ్రాము ప్రకారం దానంతట అదే పనిచేసిన తొలి కంప్యూటరుగా పేరు పొందింది. రెండూ బాంబు దాడుల్లో నాశనమయ్యాయి. త్సూజె వృద్ధాప్యంలో స్వయంగా తిరిగి నిర్మించిన జెడ్1ను గ్లైస్‌డ్రయెక్ స్టేషను దగ్గరి సాంకేతిక మ్యూజియంలో చూడవచ్చు.

1920ల కాలనీల్లో ఇల్లు దొరికితే అదృష్టమే. చీకటి ముంగిళ్ళకు విరుగుడుగా వాయిమార్ గణతంత్ర కాలంలో కట్టినవి ఇవి. బ్రిట్స్‌లో బ్రూనో టావుట్, మార్టిన్ వాగ్నర్ రూపొందించిన గుర్రపునాడా కాలనీతో సహా ఆరింటిని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడ తలుపుకు మీకు నచ్చిన రంగు వేస్తామంటే కుదరదు. ఏ తలుపుకు ఏ రంగో టావుట్ నాడే నిర్ణయించాడు. వంటగదులు చిన్నవి. ఆ దశకంలోనే, 1926లో, ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కోసం మార్గరెటె ష్యూటె-లిహోట్‌స్కీ అడుగులు లెక్కపెట్టి మరీ రూపొందించిన వంటగదే నేటి మాడ్యులర్ కిచెన్లకు మూలం. ఇంత చరిత్ర ఉన్న దేశంలో అద్దె ఇళ్ళు చాలావరకు స్టవ్వు, సింకు కూడా లేకుండా ఖాళీగా ఇవ్వడం విడ్డూరమే. వంటగది సామాను ఉందో లేదో, పాత అద్దెదారు దాన్ని మీకు అమ్మజూపుతున్నాడో ముందే తేల్చుకోండి.

1970, 80లలో కట్టిన తూర్పు బెర్లిన్ ఇళ్ళు ‘ప్లాట్టెన్‌బావు’. గోడలను కర్మాగారంలో పోతపోసి, క్రేనుతో తెచ్చి నిలబెట్టేవారు; 1977లో మొదలైన మార్ట్సాన్ ప్రాంతం వీటికి ప్రసిద్ధి. వెలుతురు, దూరం నుంచి గొట్టాల్లో వచ్చే వేడి, బాల్కనీ ఉంటాయి. దేవుడి అరకు మేకు కొట్టాలంటే మామూలు సుత్తి పనికిరాదు, హ్యామర్ డ్రిల్ కావాలి.

పాత గోడలకు కొత్తగా బిగుతైన కిటికీలు పెట్టిన ఇంట్లో మన వంటకు ఒక చిక్కుంది. అన్నం, పప్పు ఉడికిన ఆవిరి బయటికి పోయే దారిలేక చల్లటి బయటి గోడ మీద చెమరించి, బీరువా వెనుక నల్లని బూజుగా మారుతుంది. దాని మీద యజమానితో వచ్చే తగాదాలు అన్నీ ఇన్నీ కావు. కిటికీని పైనుంచి కాస్త వాల్చి గంటలకొద్దీ వదిలేస్తే గోడ ఇంకా చల్లబడుతుంది. రోజుకు రెండు మూడుసార్లు, వంట కాగానే ఇంకోసారి, కిటికీలన్నీ బార్లా తెరిచి 5 నుంచి 10 నిమిషాలు ఉంచి మూసేయాలి.

గుమ్మం ముందు కాలిబాటలో 10 సెంటీమీటర్ల చదరపు ఇత్తడి పలకలు కనబడితే ఆగి చదవండి. కళాకారుడు గుంటర్ డెమ్నిగ్ 1990లలో మొదలుపెట్టిన స్మారక ఫలకాలవి. నాజీల చేతిలో హింసకు, హత్యకు గురైన వ్యక్తి ఇక్కడ నివసించాడని పేరు, పుట్టిన ఏడాది, చివరికి ఏమైందన్నది చెక్కి ఉంటాయి. నవంబరు 9న, అంటే 1938లో యూదుల మీద దాడులు జరిగిన రోజున, ఇరుగుపొరుగువారు వాటిని తోమి పువ్వులు పెడతారు. మీరూ చేయి కలపవచ్చు.

ఇల్లు కుదిరాక, డిపాజిట్టు మూడు నెలల అద్దెకు మించకూడదనీ, అందులో ఖర్చులు కలపకూడదనీ, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుందనీ గుర్తుంచుకోండి. చేరిన రెండు వారాల్లోపు యజమాని సంతకం చేసిన పత్రంతో చిరునామా నమోదు చేయించుకోవాలి. భవనానికి నంబరున్నా లోపలి ఇళ్ళకు సాధారణంగా నంబర్లుండవు. ఉత్తరాలు పేరును బట్టే వస్తాయి గనుక, పాస్‌పోర్టులో ఇంటిపేరుగా ఏది ఉందో అదే కాలింగ్ బెల్లు మీద, ఉత్తరాల పెట్టె మీద రాయించండి. తాళాలు తీసుకునే రోజు గోడ పగుళ్ళు, మీటర్ల అంకెలు, తాళంచెవుల సంఖ్య రాయించి ఇద్దరూ సంతకం చేయాలి. భవనమంతటికీ ఒకే తాళాల వ్యవస్థ ఉన్నచోట ఒక్క తాళంచెవి పోయినా మొత్తం మార్చే ఖర్చు మీ మీద పడవచ్చు కాబట్టి, బీమా తీసుకునేటప్పుడు అందులో తాళంచెవుల నష్టం కూడా చేరిందో లేదో చూసుకోండి.