పాత లయొనెల్ రైలును కొత్త పట్టాల మీద నడపడం ఎలా?

న్యూజెర్సీలో గరాజ్ సేళ్ల వెంట తిరిగే మనవాళ్లకు పాత లయొనెల్ బొమ్మ రైలు ఎప్పుడో ఒకప్పుడు తారసపడుతుంది. ఆ కంపెనీ కార్ఖానా ఒకప్పుడు ఎడిసన్ ఊరికి దగ్గర్లోనే, హిల్‌సైడ్‌లో ఉండేది మరి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చేసిన ఆ ‘ఓ’ (O) గేజ్ ఇంజన్లు (గేజ్ అంటే పట్టాల మధ్య ఎడం) మొండి ఘటాలు. కదలకపోతే చెడిపోయిందనుకోకండి, ముందు ఎండిపోయిన గ్రీజును అనుమానించండి.

తెచ్చిన రోజే ప్లగ్గులో పెట్టి చూడాలని చేతులు దురద పెడతాయి. ఆగండి. పాత ట్రాన్స్‌ఫార్మరు వైరు మీది రబ్బరు వంచగానే చిట్లిపోతుంటే దాని జోలికి పోవద్దు, షాకు కొడుతుంది.

ఇంజను విప్పేటప్పుడు అడుగడుగునా ఫోనుతో ఫొటోలు తీసుకోండి. మోటారు పక్కనున్న పలక తీస్తే రెండు కార్బన్ బ్రష్‌లు, వాటి నుంచి కరెంటు అందుకుంటూ తిరిగే రాగి ముక్కల బిళ్ల (కమ్యుటేటరు) కనిపిస్తాయి. బ్రష్ స్ప్రింగులు ఎగిరి సోఫా కిందికి పోతాయి, జాగ్రత్త. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో కమ్యుటేటరును మెరిసేదాకా తుడవండి. రాగి ముక్కల మధ్య సందుల్లో పేరుకున్న మసిని పళ్లపుల్లతో తీయండి. అసలు మరమ్మతు ఇదే, ఇక్కడ మాత్రం తొందర పనికిరాదు. చక్రాలూ, అడుగున కరెంటు అందుకునే రోలర్లూ అలాగే తుడవాలి. స్టీలు పీచు మాత్రం వాడొద్దు. 1950 నుంచి వచ్చిన కొన్ని ఇంజన్ల చక్రాలకు అయస్కాంతశక్తి ఉంటుంది, పీచు ముక్కలు పట్టుకుంటే వదలవు.

ఇరుసులకు ఒక్కో చుక్క నూనె, పళ్ల చక్రాలకు కాస్త గ్రీజు చాలు. పైడొప్పను తడిగుడ్డతో తుడవండి. నంబర్లున్న చోట రుద్దితే అచ్చు లేచిపోతుంది. కొత్త రంగు వేశారో, పాతవి సేకరించేవాళ్ల దగ్గర దాని విలువ పోయినట్టే.

ఇప్పుడు చక్రాలు గాల్లో తిరిగేలా ఇంజనును రెండు చెక్కముక్కల మీద నిలబెట్టండి. ఒక తీగ రోలరుకు, ఇంకొకటి చక్రానికి ఆనించి 8–10 వోల్టుల ఏసీ ఇవ్వండి. కరెంటు తీసి ఇచ్చినప్పుడల్లా ముందుకు, ఆగడం, వెనక్కి, మళ్లీ ఆగడం: ఇదీ వరస. తలకిందులుగా పెట్టి చూస్తే ఈ వరస ముందుకు సాగదు, ఎందుకంటే దిశ మార్చే మీటలోని కడ్డీ తన బరువుతోనే కిందికి జారాలి.

ఇక లేఅవుట్, అంటే పట్టాల అమరిక. లయొనెల్ కొత్త రకం పట్టాలైన ఫాస్ట్‌ట్రాక్‌కూ మూడు పట్టాలే (నడిమిది కరెంటుకు), గేజూ అదే. 27, 31 అంగుళాల వ్యాసమున్న వలయాల కోసం చేసిన ఇంజన్లకు 36 అంగుళాల వలయం విశాలమే. చిక్కంతా కరెంటుతోనే. రిమోటు పద్ధతిలో పట్టాల మీద ఎప్పుడూ 18 వోల్టులు ఉంటాయి. చిప్పు లేని మన ముసలి ఇంజను అక్కడ పెట్టగానే పరుగందుకుని మలుపులో పల్టీ కొడుతుంది. దానికి విడిగా ఒక లైను, సున్నా నుంచి పెంచుకునే ఏసీ ట్రాన్స్‌ఫార్మరు ఇవ్వండి. డీసీ ఇస్తే మోటారు తిరుగుతుంది గానీ, కూత పరికరం ఉన్న రైలుపెట్టె ఆపకుండా కూస్తూనే ఉంటుంది!

అదే లైనులో చిప్పున్న కొత్త ఇంజన్లూ ఉంటే, పాతది పట్టా తప్పినప్పుడు లేచే వోల్టేజి పోటుకు వాటి సర్క్యూట్లు కాలిపోవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు రెండు తీగల మధ్య ఆ పోటును అణిచే చిన్న భాగం టీవీఎస్ డయోడు ఒకటి, షార్టయితే వెంటనే పడిపోయి కరెంటు ఆపే బ్రేకరు ఒకటి పెట్టుకోండి.

మొదటిసారి పది నిమిషాలు నడిపి ఆపండి. వేడెక్కిన నూనె వాసన మామూలే, మాడు వాసన వస్తే మాత్రం మళ్లీ విప్పాల్సిందే.